ఒక కేబినెట్‌లో నాలుగు డిస్కులు: బిగించడం, గుర్తుపట్టడం, పని అప్పగించడం

హన్మకొండ నయీంనగర్‌లో మా చిన్నమ్మ కొడుకు ఫొటో స్టూడియో నడుపుతాడు. మాఘమాసంలో పెళ్లిళ్లు మొదలైతే అతని టేబుల్ మీద చేయి ఆనించడానికి కూడా చోటుండదు. కంప్యూటర్ చుట్టూ అరడజను ఎక్స్‌టర్నల్ డిస్కులు వైర్లతో వేలాడుతుంటాయి. ఏ పెళ్లి ఏ డిస్కులో ఉందో అతనికీ, అతని దగ్గర పనిచేసే పిల్లవాడికీ తప్ప మూడో మనిషికి తెలియదు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే 4కే కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. రెండు కెమెరాలు కలిపి ఒక పెళ్లిలో ఎనిమిది గంటలు నడిస్తే 360 జీబీ అవుతుంది, అంటే 1 టీబీ డిస్కులో మూడో పెళ్లి పూర్తిగా పట్టదు. "అన్నా, ఇవన్నీ సీపీయూలనే పెట్టరాదా?" అని అతడు అడిగిన ప్రశ్నకు జవాబుగా చేసిన పనినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

పెట్టుకోవచ్చు. మామూలు డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద నాలుగు నుంచి ఆరు సాటా పోర్టులు, అంటే డిస్కు కేబుల్ గుచ్చే చోట్లు, ఉంటాయి, కొత్తవాటిలో వాటికి తోడు సన్నటి పలక లాంటి డిస్కును నేరుగా బోర్డు మీదే పెట్టే ఎమ్.2 స్లాట్లు ఒకటో రెండో కూడా ఉంటాయి. డిస్కు బిగించడం అరగంట పని, స్క్రూడ్రైవర్ పట్టగలిగిన ఎవరైనా చేయగలరు. అయితే నేను చూసినంతవరకు, కేబినెట్‌లో వైరు తప్పుగా పెట్టి నష్టపోయినవాళ్లు తక్కువ; తెర మీద ఒక డిస్కు అనుకొని మరో డిస్కును ఫార్మాట్ కొట్టి నష్టపోయినవాళ్లే ఎక్కువ. వాళ్లలో నేనూ ఒకడిని. అందుకే స్క్రూల సంగతి త్వరగా ముగించి, ఏ డిస్కు ఏదో గుర్తుపట్టే పద్ధతి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

కొనేముందు చూడవలసినవి

మార్కెట్లో దొరికే డిస్కులు మూడు రకాలు. లోపల పళ్లేలు తిరిగే 3.5 అంగుళాల హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 150 నుంచి 250 ఎంబీ వరకు చదువుతుంది. పళ్లేలు లేకుండా చిప్పుల్లో రాసుకునే 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే సాటా దారి వెడల్పే అంత. ఎమ్.2 స్లాట్‌లో పడుకోబెట్టే ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే వెడల్పైన దారి మూడో తరంలో 3,500 ఎంబీ, నాలుగో తరంలో 7,000 ఎంబీ దాకా పోతుంది. ఈ అంకెలు చూసి అన్నీ ఎన్‌వీఎమ్‌ఈలే కొనాలనిపిస్తుంది గానీ, ఎడిటింగ్ పూర్తయి దాచిపెట్టిన పెళ్లి వీడియోకు ఆ వేగంతో పనిలేదు. స్టూడియోకు మేము తీసుకున్నవి ఇవి: విండోస్ కోసం 500 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ, ఎడిటింగ్ జరుగుతున్న పెళ్లిళ్ల కోసం 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, దాచడానికి 4 టీబీ హార్డ్ డిస్కు, దాని నకలు కోసం మరో 4 టీబీ హార్డ్ డిస్కు. 360 జీబీ చొప్పున లెక్కవేస్తే 4 టీబీలో పదకొండు పెళ్లిళ్లు పడతాయి.

డబ్బు ఇచ్చేముందు మదర్‌బోర్డు మాన్యువల్ తెరవాలి. డబ్బాలో వచ్చిన పుస్తకం పోయి ఉంటే బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో రెండు విషయాలు తప్పనిసరిగా చూడాలి. మొదటిది, చాలా బోర్డుల్లో ఎమ్.2 స్లాటూ, ఒకటి రెండు సాటా పోర్టులూ ఒకే దారిని పంచుకుంటాయి. స్లాట్‌లో డిస్కు పెట్టగానే ఆ పోర్టులు పనిచేయడం మానేస్తాయి. "కొత్తది పెట్టిన, పాతది కనిపిస్తలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే, డిస్కులో ఏ లోపమూ ఉండదు. రెండోది, ఎమ్.2 అనేది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా డిస్కులూ వస్తాయి, ఎన్‌వీఎమ్‌ఈ డిస్కులూ వస్తాయి. ఎన్‌వీఎమ్‌ఈకి మాత్రమే ఉద్దేశించిన స్లాట్‌లో సాటా రకం చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, కానీ కంప్యూటర్‌కు కనిపించదు.

హార్డ్ డిస్కు కొనేటప్పుడు సీఎమ్‌ఆర్ రకమా, ఎస్‌ఎమ్‌ఆర్ రకమా అని అడగండి. సీఎమ్‌ఆర్‌లో రాత వరుసలు విడివిడిగా ఉంటాయి; ఎస్‌ఎమ్‌ఆర్‌లో అవి ఇంటి పైకప్పు మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకొని ఉంటాయి, అందువల్ల తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. కానీ ఒకేసారి వందల జీబీ రాయవలసి వస్తే కొంతసేపటికి వేగం పడిపోతుంది. ఒకసారి రాసి దాచుకునేదానికి అది చాలు, రోజూ తుడిచి రాసేదానికి సీఎమ్‌ఆర్ మేలు. అలాగే విడిగా అమ్మే హార్డ్ డిస్కుతో చాలాసార్లు సాటా కేబుల్ గానీ స్క్రూలు గానీ రావు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోయి డిస్కులు తెచ్చుకొని, ఇంటికొచ్చి కేబుల్ లేదని తల పట్టుకోవడం నాకు అనుభవమే. డిస్కుకు ఒక కేబుల్, హార్డ్ డిస్కుకు నాలుగు లావు స్క్రూలు, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి నాలుగు సన్న స్క్రూలు, ఎమ్.2కు ఒక చిన్న స్క్రూ అక్కడే అడిగి తీసుకోవాలి.

ఎస్‌ఎమ్‌పీఎస్ సంగతి

చాలామంది ఎస్‌ఎమ్‌పీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా, ఎన్ని వాట్లదో చూస్తారు, దానికి ఎన్ని సాటా పవర్ కొనలు ఉన్నాయో చూడరు. నడుస్తున్న హార్డ్ డిస్కు ఆరు నుంచి ఎనిమిది వాట్లు తీసుకుంటుంది, ఎస్‌ఎస్‌డీ అంతకంటే తక్కువే. కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో మాత్రం, పళ్లేలను తిప్పి వేగానికి తేవడానికి, ఒక్కో హార్డ్ డిస్కు 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు, అంటే 24 వాట్ల దాకా లాగుతుంది. రెండు డిస్కులకు ఇది పెద్ద లెక్క కాదు. కానీ ఐదారు డిస్కులను ఒకే వైరుకు గుచ్చితే ఆ కొన్ని సెకన్లలో వోల్టేజీ పడిపోయి, ఏదో ఒక డిస్కు ఒక రోజు కనిపించి మరో రోజు కనిపించకుండా పోవచ్చు. ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి రెండు వైర్లు వస్తుంటే డిస్కులను రెండింటికీ పంచాలి.

కొనలు చాలకపోతే పాతకాలపు నాలుగు పిన్నుల మోలెక్స్ కొనను సాటాగా మార్చే అడాప్టర్లు చవకగా దొరుకుతాయి. వాటిలో ప్లాస్టిక్‌ను కరిగించి వైర్ల మీద పోతపోసిన రకం వద్దు. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి, కొన కాలిపోయిన ఉదంతాలు ఉన్నాయి. ఒక్కో వైరు విడిగా పిన్నులోకి దూరి కనిపించే రకం ఉంటే అది తీసుకోవచ్చు. ఇక వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్‌ఎమ్‌పీఎస్ ఉన్నవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక: ఒక ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాలోని వైరును మరో ఎస్‌ఎమ్‌పీఎస్‌కు, ఒకే కంపెనీదైనా సరే, వాడకూడదు. కొన సరిగ్గానే పడుతుంది, కానీ లోపల పిన్నుల క్రమం వేరుగా ఉండవచ్చు. 5 వోల్టులు రావలసిన చోట 12 వోల్టులు వస్తే డిస్కు ఆ క్షణమే పోతుంది.

కేబినెట్ తెరిచాక

విండోస్‌ను షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసేసి, ఆ తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. పక్క మూత తీయగానే ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. పని మధ్యలో ఏ వైరు ఎక్కడిదో సందేహం వచ్చినప్పుడు ఆ ఫొటో ఒక్కటే సాక్ష్యం. చేత్తో ఏ భాగాన్నైనా ముట్టే ముందు కేబినెట్ ఇనుప చట్రాన్ని, రంగు లేని చోట, ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు దానిలోకి పోతుంది. రోడ్డు పక్క మడిగెలో నడిచే కంప్యూటర్ అయితే ఎట్లాగూ తెరిచాం కాబట్టి మెత్తటి కుంచెతో దుమ్ము కూడా దులపండి. ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకొని దులపాలి.

డిస్కును బిగించే ముందు చేయవలసిన ఒక పనిని అందరూ వదిలేస్తారు. ప్రతి డిస్కు మీది చీటీలో సీరియల్ నంబరు ముద్రించి ఉంటుంది. బిగించాక ఆ చీటీ లోపలివైపు తిరిగిపోయి కనిపించదు. కాబట్టి ఆ నంబరులోని చివరి నాలుగు అక్షరాలను కాగితం టేపు ముక్క మీద రాసి, డిస్కు బిగించాక బయటికి కనిపించే అంచున అంటించాలి. అదే నాలుగు అక్షరాలు రాసిన మరో ముక్కను సాటా కేబుల్‌కు మదర్‌బోర్డు వైపు కొన దగ్గర చుట్టాలి. ఎన్‌వీఎమ్‌ఈ మీద టేపు అంటించవద్దు, వేడికి జిగురు కారుతుంది. దాని నంబరు కాగితం మీద రాసుకుంటే చాలు. ఈ పనికి పట్టేది ఐదు నిమిషాలు. దీని విలువ ఏమిటో కింద డిస్క్ మేనేజ్‌మెంట్ దగ్గర తెలుస్తుంది.

హార్డ్ డిస్కును దాని అరలోకి జరిపి రెండు వైపులా కలిపి నాలుగు స్క్రూలూ బిగించాలి. రెండు స్క్రూలతో వదిలేసిన డిస్కు అదురుతుంది, ఆ అదురు పక్క డిస్కుకు కూడా పాకుతుంది. అరలు ఖాళీగా ఉంటే రెండు హార్డ్ డిస్కుల మధ్య ఒక అర వదలడం మంచిది, గాలి ఆడుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు కాబట్టి దాన్ని మదర్‌బోర్డు వెనక ఉండే పలక మీదైనా బిగించవచ్చు.

ఎమ్.2 డిస్కుల్లో ఎక్కువగా దొరికే 2280 అనే కొలతకు అర్థం 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. స్లాట్‌లోని గాడీ, డిస్కులోని కోతా కలిసేలా చూసుకొని సుమారు 30 డిగ్రీల వాలులో దూర్చాలి. పూర్తిగా దూరాక వదిలితే అది కొద్దిగా పైకి లేచే ఉంటుంది. దాన్ని కిందికి వంచి చివరన స్క్రూ పెట్టాలి. ఆ స్క్రూను కూర్చునేంత వరకే తిప్పాలి, బలం చూపించకూడదు. బోర్డుతో వచ్చిన అల్యూమినియం మూత దాని మీద పెట్టేటట్లయితే, మూత లోపల అంటించి ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొరను తీశారో లేదో చూడండి. పొర తీయకుండా బిగించిన మూతలను నేను ఒకటికి రెండుసార్లు చూశాను. దానివల్ల వేడి సరిగా బయటికి పోదు.

సాటా కొనలు రెండూ, సన్నటి డేటా కొన ఏడు పిన్నులది, వెడల్పాటి పవర్ కొన పదిహేను పిన్నులది, వంగిన ఆకారంలో ఉంటాయి కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు. బలవంతంగా పెట్టబోతే డిస్కు వైపు ఉండే ప్లాస్టిక్ నాలుక విరుగుతుంది, అది విరిగితే డిస్కు దాదాపు పోయినట్టే. ఇనుప పట్టీ ఉన్న కేబుల్ అయితే టిక్కుమనే శబ్దం వచ్చేదాకా నొక్కాలి. కేబుల్‌ను నిలువుకోణంలో మడవకూడదు, గుండ్రంగా తిప్పాలి. పాత కంప్యూటర్లలో వెడల్పాటి రిబ్బన్ వైరుకు రెండు డిస్కులు తగిలించి, వెనక చిన్న జంపర్‌తో ఒకటి మాస్టర్, మరొకటి స్లేవ్ అని చెప్పవలసి వచ్చేది. సాటాలో ఒక పోర్టుకు ఒక డిస్కే కాబట్టి ఆ బెడద లేదు.

మూత వేయకుండానే ప్లగ్గు పెట్టి ఆన్ చేయండి.

బయోస్‌లో ఏం చూడాలి

ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ వరుసగా నొక్కితే బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. స్టోరేజీ సమాచారం ఉన్న పేజీలో మీరు పెట్టిన డిస్కులన్నీ పేర్లతో సహా కనిపించాలి. ఇక్కడ కనిపించని డిస్కు విండోస్‌లో ఎంత వెతికినా కనిపించదు, కాబట్టి ముందుకు వెళ్లకుండా ఇక్కడే ఆగాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, మొదట డేటా కేబుల్ మార్చి చూడాలి; ఆ తర్వాత పోర్టు మార్చాలి, ఆ తర్వాత పవర్ కొన మార్చాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, అన్నీ కలిపి మారిస్తే లోపం దేనిలో ఉందో తెలియదు. హార్డ్ డిస్కు మీద వేలు ఆనిస్తే సన్నటి అదురు తెలుస్తుంది. అదురు లేకపోతే దానికి కరెంటు అందడం లేదని అనుమానించాలి.

బయోస్‌లో సాటా మోడ్ అనే చోట ఏహెచ్‌సీఐ అని ఉంటుంది. దాన్ని కదిలించవద్దు. అప్పటికే విండోస్ ఉన్న కంప్యూటర్‌లో దాన్ని రైడ్ (డిస్కులను జతగా కలిపి నడిపే పద్ధతి) అని మారిస్తే విండోస్‌కు తన డిస్కే అందక నీలి తెర వచ్చి ఆగిపోవచ్చు; తిరిగి ఏహెచ్‌సీఐ అని పెడితే మామూలుగా లేస్తుంది. బూట్ క్రమంలో మాత్రం విండోస్ ఉన్న డిస్కు, యూఈఎఫ్ఐ అనే కొత్త తరం బయోస్ ఉన్న కంప్యూటర్‌లో అయితే విండోస్ బూట్ మేనేజర్ అనే పేరు, మొదట ఉందో లేదో చూసి, సేవ్ చేసి బయటికి రావాలి.

కొత్తగా విండోస్ వేయవలసి వస్తే

మిగిలిన డిస్కుల డేటా కేబుళ్లన్నీ పీకేసి, విండోస్ వేయబోయే డిస్కు ఒక్కదాన్నే ఉంచండి. ఇది అతి జాగ్రత్త కాదు. విండోస్ ఇన్‌స్టాలర్ కంప్యూటర్‌ను లేపే చిన్న ఈఎఫ్ఐ భాగాన్ని మీరు ఎంచుకున్న డిస్కు మీద కాకుండా, అప్పటికే అలాంటి భాగం ఉన్న మరో డిస్కు మీద పెట్టే అవకాశం ఉంది. విండోస్ ఒక డిస్కులో, దాని తాళంచెవి మరో డిస్కులో అన్నమాట. ఏడాది తర్వాత ఆ రెండో డిస్కును తీసేసిన రోజున కంప్యూటర్ లేవదు, కారణం ఎవరికీ అంతుపట్టదు. ఒకే డిస్కుతో వేసి, అంతా నడిచాక కంప్యూటర్ ఆపి మిగిలినవి తిరిగి తగిలిస్తే ఈ చిక్కు పుట్టదు.

డిస్క్ మేనేజ్‌మెంట్: తొందర పనికిరాని చోటు

కొత్త డిస్కు బయోస్‌లో కనిపించి, విండోస్‌లో ఫోల్డర్లు చూసే చోట కనిపించకపోవడం సహజమే. దానిలో ఇంకా ఏ ఏర్పాటూ లేదు కాబట్టి విండోస్ దానికి సి, డి లాంటి డ్రైవ్ అక్షరం ఇవ్వలేదు. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, కింది సగంలో డిస్కులన్నీ డిస్క్ 0, డిస్క్ 1, డిస్క్ 2 అనే వరుసలుగా కనిపిస్తాయి. కొత్త డిస్కు ఉంటే దాన్ని ఇనిషియలైజ్ చేయమంటూ, అంటే వాడకానికి మొదటి ఏర్పాటు చేయమంటూ, ఒక చిన్న పెట్టె దానంతటదే తెరుచుకుంటుంది.

ఆ పెట్టెలో ఓకే నొక్కే ముందు చేయి వెనక్కి తీసుకోండి. డిస్క్ 1, డిస్క్ 2 అనే అంకెలు డిస్కు మీద రాసి ఉన్నవి కావు. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఏది ఏ పోర్టులో, ఏ వరుసలో కనిపించిందన్నదాన్ని బట్టి విండోస్ ఇచ్చుకునేవి. కొత్త డిస్కు ఒకటి చేరితే అంకెలన్నీ జరగవచ్చు.

నాలుగేళ్ల కిందట ఇదే స్టూడియోలో ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, రెండు 2 టీబీ డిస్కులు ఉండేవి. ఒకటి ఖాళీ చేసి పెట్టినది, మరొకదానిలో రెండేళ్ల పెళ్లిళ్లు. ఖాళీది డిస్క్ 2 అని అంతకుముందు రోజు చూసి గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు ఒక ఎస్‌ఎస్‌డీ కొత్తగా తగిలించి, నేరుగా డిస్క్ 2 మీద కుడి క్లిక్ చేసి ఫార్మాట్ కొట్టాను. పది సెకన్లలో అయిపోయింది. రెండింటి పేరూ న్యూ వాల్యూమ్ అనే ఉండడంతో తెర మీద తేడా ఏమీ తెలియలేదు, తమ్ముడు వచ్చి "అన్నా, పోయిన మాఘం పెళ్లిళ్లు ఏడబోయినయ్?" అని అడిగినప్పుడు తెలిసింది. అంకె జరిగిందన్న సంగతి నాకు తట్టకపోవడం పూర్తిగా నా తప్పే. వెంటనే కంప్యూటర్ ఆపేసి, ఆ డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా తీసి, మరో కంప్యూటర్‌లో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫైళ్లను వేరే డిస్కులోకి తోడుకున్నాం. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల పట్టికను మాత్రమే తుడుస్తుంది కాబట్టి చాలావరకు దొరికాయి. కానీ ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు పోయాయి. పందిరి రంగును బట్టి, పెళ్లికూతురి చీరను బట్టి ఏ ఫొటో ఏ ఇంటిదో వేరుచేస్తూ ఇద్దరం రెండు రాత్రులు కూర్చున్నాం. అది ఫుల్ ఫార్మాట్ అయి ఉంటే డిస్కంతా సున్నాలు రాసి ఉండేది, ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల లోపలి గళ్లు ఖాళీ అయిపోయి ఉండేవి. ఆ రెండింటిలో ఏది జరిగినా చేతికి ఏమీ వచ్చేది కాదు.

అప్పటి నుంచి నేను పాటించే క్రమం ఇది. ఇనిషియలైజ్ పెట్టె వస్తే క్యాన్సిల్ చేస్తాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక్కో డిస్కు మోడల్, సీరియల్ నంబరు, డ్రైవ్ అక్షరం కనిపిస్తాయి. పవర్‌షెల్ తెరిచి 'గెట్' అని, మధ్యలో అడ్డగీత పెట్టి, 'డిస్క్' అని ఇంగ్లీషులో టైపు చేసినా డిస్కు అంకె పక్కనే సీరియల్ నంబరు వస్తుంది. ఆ నంబరు చివరి నాలుగు అక్షరాలను కేబినెట్‌లోని టేపు ముక్కతో పోల్చి, రెండూ కలిశాకే తిరిగి డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వస్తాను. ఇంకా నమ్మకం కలగకపోతే, ఫార్మాట్ చేయకూడని డిస్కుల కేబుళ్లు పీకేసి ఒక్క కొత్తదానితోనే ఆ పని ముగిస్తాను. ఉబుంటు వాడేవాళ్లకూ ఇదే చిక్కు ఉంది. అక్కడ ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు తారుమారు కావచ్చు. అందుకే డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ పేర్లకు బదులు మారని గుర్తింపు అయిన యూయూఐడీ రాసి, డిస్కు లేని రోజున కూడా కంప్యూటర్ లేచేలా పక్కన నోఫెయిల్ అని చేర్చాలి.

అప్పటికే డేటా ఉన్న పాత డిస్కును తగిలించినప్పుడు కూడా ఇనిషియలైజ్ చేయమని పెట్టె వస్తే, ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు. దానర్థం డిస్కు కొత్తదని కాదు, దాని మొదటి భాగాన్ని విండోస్ చదవలేకపోతున్నదని. ముందు కేబుల్ మార్చి, తర్వాత మరో కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. ఒక డిస్కును క్లోన్ చేసి అసలునూ నకలునూ ఒకేసారి తగిలిస్తే, రెండింటి గుర్తింపూ ఒకటే కాబట్టి ఒకదాన్ని విండోస్ ఆఫ్‌లైన్ అని పక్కన పెట్టవచ్చు. అదీ చెడిపోవడం కాదు.

కొత్త డిస్కును ఇనిషియలైజ్ చేసేటప్పుడు డిస్కులోని భాగాల లెక్క రాసే ఎంబీఆర్, జీపీటీ అనే రెండు పద్ధతుల్లో జీపీటీ ఎంచుకోండి. ఎంబీఆర్ లెక్క 2 టీబీ దాటి చూడలేదు. 4 టీబీ డిస్కును ఎంబీఆర్‌తో మొదలుపెడితే 2,048 జీబీ వాడుకకు వచ్చి, మిగిలిన సుమారు 1,678 జీబీ నల్ల గీత కింద అన్‌అలొకేటెడ్ అని ఉండిపోతుంది. అక్కడి నుంచి ఖాళీ చోటు మీద కుడి క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ ఎంచుకొని ముందుకు వెళ్లడమే. ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంచండి, అలొకేషన్ యూనిట్ డీఫాల్ట్‌లోనే ఉంచండి. కొత్త హార్డ్ డిస్కుకు ఒకసారి క్విక్ ఫార్మాట్ అన్న టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేయడం నా అలవాటు. 4 టీబీకి ఆరేడు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవాలి. పాడైన చోటు ఉంటే డేటా ఎక్కించకముందే బయటపడుతుంది, దుకాణంలో మార్చుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీకి క్విక్ చాలు. ఒకే డిస్కును డి, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేసే పాత అలవాటును మాత్రం మానుకోండి. డిస్కు పోతే నాలుగు ముక్కలూ కలిసే పోతాయి.

1 టీబీ డిస్కు విండోస్‌లో 931 జీబీ అని, 4 టీబీ డిస్కు 3.63 టీబీ అని కనిపిస్తే దుకాణదారుతో గొడవపడకండి. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది.

డ్రైవ్ అక్షరం దగ్గర విండోస్ ఇచ్చిన ఈ, ఎఫ్‌లకు బదులు వరుసలో బాగా వెనక ఉన్న అక్షరాలు ఇవ్వండి, ఉదాహరణకు పీ, ఎస్, టీ. ఏదైనా డిస్కును తీసి ఉంచిన రోజున పెన్‌డ్రైవో మెమరీ కార్డో వచ్చి ముందున్న అక్షరంలో కూర్చుంటే, ఎడిటింగ్ ప్రాజెక్టులోని ఫైళ్ల దారులన్నీ తెగిపోతాయి. పేరు పెట్టే గడిలో న్యూ వాల్యూమ్ అన్నది చెరిపి, డిస్కు పని పేరూ టేపు మీది నాలుగు అక్షరాలూ కలిపి రాయండి. మా స్టూడియోలో అవి ఎడిటింగ్, దాపు, నకలు అనే పేర్లతో మొదలవుతాయి.

ఏ డిస్కుకు ఏ పని

కార్డు నుంచి వచ్చిన పెళ్లి ముందు ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీలోకి, వెంటనే దాపు డిస్కులోకి కూడా పోవాలి; రెండు చోట్లా తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా రాసుకునే క్యాష్ ఫోల్డర్‌ను సెట్టింగుల్లో సి డ్రైవ్ నుంచి ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీకి మార్చాలి, లేకపోతే 500 జీబీ సి డ్రైవ్ ఒక్క సీజన్‌లోనే నిండుతుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను జరపాలంటే వాటి మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ అనే దారిలో వెళ్లి కొత్త చోటు చూపించాలి. కొత్త డ్రైవ్‌లో ముందుగా ఒక ఫోల్డర్ చేసి దాన్ని చూపించాలి గానీ, డ్రైవ్‌నే నేరుగా చూపించకూడదు. తర్వాత వెనక్కి తేవడం తలనొప్పి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను మాత్రం చేత్తో కదిలించవద్దు.

రెండు 4 టీబీ డిస్కులను అద్దంలా ఒకటిగా కలిపే రైడ్ 1 పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. అద్దం పద్ధతిలో ఒక డిస్కు చెడిపోతే పని ఆగదు, నిజమే. కానీ పిల్లవాడు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణం రెండో దానిలోనూ పోతుంది. చిన్న స్టూడియోలో డిస్కులు చెడిపోవడం కంటే చేయి జారడమే తరచుగా జరుగుతుంది. వేగం కోసం రెండింటిని రైడ్ 0గా కలపడం ఇంకా అన్యాయం, ఒకటి పోతే రెండూ పోయినట్టే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డైనమిక్ డిస్కుగా మార్చమనే దారి కూడా తొక్కనక్కరలేదు. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ సాధనాన్ని టాస్క్ షెడ్యూలర్‌తో ప్రతి రాత్రి నడిపించి, దాపు నుంచి నకలుకు కొత్త ఫైళ్లను చేరవేయిస్తున్నాం. దానిలో మిర్ అనే స్విచ్ వాడకూడదు, అది ఇటు లేనిదాన్ని అటు తుడిచేస్తుంది. ఈ అనే ఒక్క ఇంగ్లీషు అక్షరం స్విచ్ చాలు, అది ఉపఫోల్డర్లతో సహా చేర్చుతుందే తప్ప తుడవదు.

ఒకే కేబినెట్‌లో ఉన్న రెండు కాపీలకు పిడుగు ఒకటే, దొంగ ఒకడే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ కూడా ఒకటే. అందుకే మూడో కాపీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో, పరకాలలో చిన్నమ్మ బీరువాలో చీరల కింద ఉంటుంది. నెలకోసారి అమ్మను చూడడానికి పోయినప్పుడు తమ్ముడు దాన్ని తెచ్చి, నింపి, మళ్లీ పోయినప్పుడు అక్కడ పెట్టి వస్తాడు.

వేడి, ఆరోగ్యం

మన వైపు మే నెలలో బయట 43, 44 డిగ్రీలు పలికిన రోజున మూసిన గదిలోని కేబినెట్ సంగతి చెప్పనక్కరలేదు. చాలా హార్డ్ డిస్కుల హద్దు 60 డిగ్రీలని తయారీదారులే రాస్తారు, కానీ 50 దాటనివ్వకుండా చూసుకోవడం మంచిది. డిస్కుల అరలకు ఎదురుగా, ముందువైపు, గాలిని లోపలికి లాగే ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను పెడితే తేడా ఆ రోజే తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చే చోట యూపీఎస్ తప్పనిసరి. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలే కాక, ఒక్కోసారి ఫోల్డర్ల పట్టిక కూడా చెదురుతుంది.

నెలకోసారి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి హార్డ్ డిస్కుల్లో నాలుగు వరుసలు చూస్తే చాలు. 05, సీ5, సీ6 అనే వరుసల్లో సున్నా కాక వేరే అంకె వచ్చి, వారం వారం పెరుగుతుంటే డిస్కులో పాడైన చోట్లు పెరుగుతున్నాయని అర్థం. ఆ రోజే దానిలోని డేటా మరో చోటికి తీసి, డిస్కును పనిలోంచి తప్పించాలి. సీ7 పెరుగుతుంటే మాత్రం డిస్కును అనుమానించకండి, చాలావరకు అది సాటా కేబుల్ లోపం. వంద రూపాయలలోపు కేబుల్ మార్చి చూడండి. మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగకుండా ఆగితే బాగైనట్టే.

అన్నీ కనిపించి, ఒక పెద్ద ఫోల్డర్‌ను ఒక డిస్కు నుంచి మరోదానికి కాపీ చేసి చూశాక, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ఏ వైరూ ఫ్యాను రెక్కలకు తగలకుండా ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాలి. ఒక తెల్లకాగితం మీద ప్రతి డిస్కుకూ ఒక వరుస చొప్పున సీరియల్‌లోని చివరి నాలుగు అక్షరాలు, పోర్టు నంబరు, డ్రైవ్ అక్షరం, పని, కొన్న తేదీ రాసి, పక్క మూత లోపలివైపు టేపుతో అంటించి, అప్పుడు మూత బిగించాలి. మా తమ్ముడి కేబినెట్‌లో ఆ కాగితానికి నాలుగు వరుసలు నిండి, కింద ఐదో వరుసకు గీతలు మాత్రం కొట్టి ఉన్నాయి. వచ్చే మేడారం జాతరకు ముందే అది నిండేటట్టుందని అతడు అంటున్నాడు.